గుట్ట మీది గొంగడి

దస్తగీర్ పొద్దున్నే వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. చాయ్ తెచ్చి ఇస్తే గ్లాసు పక్కన పెట్టేశాడు. చాయ్ చల్లారనిచ్చే మనిషి కాదతను.

"సారూ, బాబాకు ఈసారి గొంగడి లేదట," అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"పోశమే చెప్పిండు. చెప్పి, మంచంల ముసుగుదన్ని పండుకున్నడు. లెవ్వుమంటె లెవ్వడు."

మా ఊరు ఎర్రదుబ్బ. చొప్పదండి నుంచి ఆటోలో వస్తే ముందు గుట్ట కనిపిస్తుంది, ఆ తర్వాతే ఊరు. గుట్ట మీద కంబల్ షా వలీ దర్గా ఉంది. చిన్నదే. ఒక గుమ్మటం, సున్నం కొట్టిన గోడలు, ముందు ఒక వేపచెట్టు. తరతరాలుగా అక్కడ దీపం పెట్టే ముజావర్లు దస్తగీర్ వాళ్లు. ఊరంతా చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఎప్పుడో ఒక చలికాలం రాళ్లవాన కురిసిందట. మందతో గుట్ట కింద చిక్కుకున్న కురుమల పిల్లవాడికి ఒక ఫకీరు తన ఒంటి మీదున్న ఒకే ఒక్క కంబళి కప్పి, తాను వట్టి ఒంటితో పక్కన కూర్చున్నాడట. తెల్లవారి తల్లి వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్లవాడు వెచ్చగా నిద్రపోతున్నాడు. ఫకీరు మాత్రం లేవలేదు. ఆ తల్లి తన చేత్తో వడికిన ఉన్నితో గొంగడి నేయించి ఆయన సమాధి మీద కప్పింది. అప్పటి నుంచి ఏటా ఆయన పేరిట జరిగే ఉర్సు జాతరలో గంధం కంటే ముందు కురుమల నల్ల గొంగడి ఎక్కాలి. పట్టు చాదర్లు, పూల చాదర్లు ఎన్ని వచ్చినా దాని తర్వాతే.

కొత్తది కప్పాక పాత గొంగడి గుట్ట మీద ఉండదు. ఆ ఏడు ఎవరికి చలి ఎక్కువో వాళ్లింటికి దిగుతుంది. జబ్బుపడ్డ మనిషికో, పచ్చి బాలింతకో. కులం అడగరు, మతం అడగరు. ఎవరికివ్వాలన్నది దస్తగీర్ ఇష్టం.

రెండేళ్ల కిందట అది మా ఇంటికి దిగింది. నా భార్య జమునది ఈ ఊరే. నేను రిటైరయ్యాక ఇక్కడే ఉందామని పట్టుబట్టి తీసుకొచ్చింది. చివరి చలికాలంలో ఆమెకు వణుకు పట్టుకుంది. రెండు రగ్గులు, ఒక బొంత కప్పినా ఆగేది కాదు. దస్తగీర్ గొంగడి భుజాన వేసుకుని వచ్చి, "చెల్లెకు కప్పుండ్రి సారూ," అని గడపలోంచే ఇచ్చి వెళ్లిపోయాడు. జమున దాన్ని గడ్డం దాకా లాక్కుని, "గొర్రె వాసన, ఊదు వాసన రెండూ ఉన్నయి," అని నవ్వింది. ఆ రాత్రి వణకలేదు. నేను కరీంనగర్‌లో చరిత్ర చెప్పినవాణ్ణి. సూఫీలకు ఆ పేరు వాళ్లు కట్టుకున్న ముతక ఉన్ని బట్ట వల్ల వచ్చిందంటారని ఏటా పాఠంలో చెప్పేవాణ్ణి. ఆ ముతక ఉన్ని ఎంత వెచ్చగా ఉంటుందో మాత్రం నాకు జమున చెబితేనే తెలిసింది.

అందుకే ఆ పొద్దున దస్తగీర్ మాట విని నేను కూడా చాయ్ పక్కన పెట్టాను.

ఇద్దరం పోశం ఇంటికి వెళ్లాం. ఎర్రదుబ్బలో ఇప్పటికీ గుంటమగ్గం మీద గొంగడి నేసేది అతనొక్కడే. మేం వెళ్లేసరికి అతని భార్య సత్తవ్వ వాకిట్లో నిలబడి ముసుగు లోపలి మనిషిని తిడుతోంది.

"నల్లగొర్లు అమ్మిన్నాడు ఏమన్నవు? ఎర్రగొర్లకు మాంసమెక్కువన్నవు. గిప్పుడు ఆ మాంసం వడికి గొంగడి నెయ్యి!"

జరిగింది ఇది. కొన్నేళ్ల కిందట పథకం కింద ఊళ్లో కురుమలందరికీ కోస్తా గొర్రెలు వచ్చాయి. ఎత్తైనవి, ఎర్రవి, బాగా తూగుతాయి. ఒంటి మీద ఉన్ని ఉండదు. వాటి మోజులో అందరూ పాత నల్లగొర్రెలను ఒక్కొక్కటే సంతకు తోలారు. బాబా గొంగడికి సరిపడా పోశం దగ్గర ఉన్నాయిలే అని మిగతా వాళ్లు అనుకున్నారు. వాళ్ల దగ్గర ఉన్నాయిలే అని పోశం అనుకున్నాడు. ఇన్నాళ్లూ అటకల మీద దాచిన పాత ఉన్నితో నెట్టుకొచ్చారు. మొన్న ఉర్సు దగ్గరపడుతోందని పోశం ఇల్లిల్లూ తిరిగితే ఎవరింట్లోనూ పిడికెడు ఉన్ని లేదు.

అంతలో నరేశ్ వచ్చాడు. ఉర్సు కమిటీ అధ్యక్షుడు. షార్జాలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి చొప్పదండిలో టెంట్‌హౌస్ పెట్టుకున్నాడు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవరు.

"తాతా, ఎందుకింత పరేషాన్? దుబాయ్ల ఉన్న మన పోరగాళ్లందరు కలిసి మఖ్మల్ చాదర్ పంపిండ్రు. సూడు, బంగారు జరీ! ఈసారి ఇది ముందు కప్పుదాం. వచ్చే ఏటికెల్లి గుడ ఇట్లనే చేద్దాం. నీకు గుడ ఈ కష్టం తప్పుతది."

పోశం ముసుగు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా తాత కప్పిండు, మా బాపు కప్పిండు. నా చేతుల కాడికి వచ్చి తెగాల్నారా ఇది? ఒక్కపారి తెగితె మళ్ల అతుకుతదా?"

నరేశ్ కవరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. ముసలాయన శ్రమ తగ్గించాలనే అనుకున్నాడు. "మరి బొచ్చు ఏడికెల్లి తెస్తవు తాతా?" అన్నాడు మెల్లిగా.

"ఆదిలాబాద్ దిక్కు ఇంకా నల్లగొర్లున్నయి," అంది సత్తవ్వ. "నీ చిన్నవ్వ బిడ్డ దేవవ్వ ఇంద్రవెల్లి అవుతల ఉంటది. పండుకుంటె వస్తదా బొచ్చు? లే!"

మర్నాడు నా పాత కారులో ముగ్గురం బయల్దేరాం. ముందు సీట్లో దస్తగీర్, వెనక పోశం. వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. జగిత్యాల దాకా పోశం మళ్లీ ముసుగు కప్పుకునే ఉన్నాడు. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కి గోదావరి కనిపించగానే దండం పెట్టుకున్నాడు.

"గంగమ్మకు ఏమని మొక్కినవు బావా?" అన్నాడు దస్తగీర్.

"నీ బాబాకు గొంగడి దొరకాలని."

"మరి గుట్ట మీద బాబాకు ఏమని మొక్కుతవు?"

"నీ అసొంటి బావను మళ్లొక జన్మల ఇయ్యద్దని."

దస్తగీర్ కారు అదిరేలా నవ్వాడు. పోశం కూడా నవ్వాడు. ఆ ముసుగు మనిషి నవ్వడం ఆ ప్రయాణంలో నాకు దొరికిన మొదటి లాభం.

జన్నారం అడవి దాటాక చలి మారిపోయింది. మాకు తెలిసిన చలి కాదు, ఎముకలోకి దిగే చలి. ఇంద్రవెల్లి దాటి, మట్టిదారిలో ఒక చిన్న గూడెం చేరేసరికి మధ్యాహ్నమైనా జనం మంటల చుట్టూ కూర్చుని ఉన్నారు. దేవవ్వ మంద దగ్గర దొరికింది. యాభై దాటిన మనిషి, మరాఠీ పద్ధతిలో కాసెపోసి కట్టిన చీర, చేతిలో కర్ర. ఆమె చుట్టూ నల్లగొర్రెలు. ఒత్తైన ఉన్నితో, నేల మీద మబ్బు దిగినట్టున్నాయి. పోశం ఒకదాని వీపు మీద చెయ్యి పెట్టి, వేళ్లు ఉన్నిలోకి జొనిపి, అట్లాగే నిలబడిపోయాడు.

వచ్చిన పని చెప్పాం. దేవవ్వ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నై అన్నా. ఇంత థండిల కత్తెర వెట్ట. దసరాకు ఒకపారి కోసినం. మళ్ల ఎండలు ముదిరినంకనే. గిప్పుడు కోస్తె తెల్లారేసరికి గొర్లు కట్టెలైతయి."

"పూరా వద్దు చెల్లె," అన్నాడు పోశం. "మెడ కాడ జర, వీపు మీద జర. ఇరవై గొర్ల మీద కొద్దికొద్దిగ తీస్తె..."

"వద్దు బావా," అన్నాడు దస్తగీర్.

పోశం తిరిగి చూశాడు. "ఏంది వద్దు? ఇంత దూరం వచ్చి?"

"సలికి వణికే జీవాల మీదికెల్లి గుంజుకచ్చి ఆయనకు కప్పుతమా? ఆయన తన మీది కంబళి తీసి పిలగానికి కప్పిన మనిషి. గసొంటి గొంగడి కప్పితె పక్కకు జరుగుతడు."

పోశం గొర్రె వీపు మీది నుంచి చెయ్యి తీశాడు. మంట పక్కన చతికిలబడి చేతులు కాచుకోసాగాడు. గొర్రెలు ఎదురుగా ఉన్నాయి, ఉన్ని ఎదురుగా ఉంది, తీసుకోవడానికి లేదు.

దేవవ్వ కాసేపు దస్తగీర్ వంకే చూసింది. తర్వాత ఇంట్లోకి పోయి ఒక సంచీ ఈడ్చుకొచ్చింది. నల్లటి ఉన్ని, దసరాకు కోసింది, శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. పోశం లేచి నిలబడ్డాడు.

"మా సూన్ కోమల కోసం పెట్టిన," అంది. సూన్ అంటే కోడలు. గడపలో నిండు చూలాలు ఒకామె నిలబడి మమ్మల్నే చూస్తోంది. "గీ నెలలనే కాన్పు. బాలింతకు, పుట్టే లేకరుకు కొత్త గొంగడి నేయిద్దామనుకున్న."

దస్తగీర్ సంచీని రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. "నీ కోడలి కోసం పెట్టింది మాకొద్దమ్మా. నడువు బావా, పోదాం."

పోశం అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు.

"అరె, ఆగుర్రి!" అని అరిచింది దేవవ్వ. "నేను ఇస్తనన్ననా, ఇయ్యనన్ననా? గా బాబా మీది పాత గొంగడి ఏం జేస్తరో చెప్పుర్రి ముందుగాల."

"సలి ఎక్కువున్నోళ్లకు ఇస్తం," అన్నాడు దస్తగీర్.

"మా కంటె ఎక్కువ సలి ఎవలకున్నది?"

దస్తగీర్ తడబడ్డాడు. "ఇప్పటిదాంక గుట్ట కింది ఊరికే ఇచ్చినం చెల్లె..."

"గుట్టకు కింద అనేది ఒక్క దిక్కే ఉంటదా బావా?" అన్నాడు పోశం, వెనక్కి తిరక్కుండానే.

నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ మాట వాటిలో ఎక్కడా చదవలేదు. దస్తగీర్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "ఉర్సు తెల్లారి పాత గొంగడి నీ ఇంటికి వస్తది," అన్నాడు. "కొత్తది ఎక్కితెనే పాతది దిగుతది. నమ్ముతవా?"

దేవవ్వ సంచీ ఎత్తి పోశం నెత్తిన పెట్టింది. "గొర్లకు కత్తెర వెట్టనియ్యనోడు మాట తప్పుతడా?"

ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది. ఉన్ని ఏకాలి, రాట్నం మీద వడకాలి, పడుగు సాగదీయాలి, ఆ తర్వాతే మగ్గం. సత్తవ్వ ఒక్కతే వడికితే ఉర్సు దాటిపోతుంది. ఆమె ఊళ్లో అటకల మీద మూలుగుతున్న రాట్నాలన్నీ దింపించింది. కురుమ వాడలో రాట్నం మరిచిపోయిన ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు. దస్తగీర్ ఇంటి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ రాట్నం ముట్టని నరేశ్ తల్లి రామవ్వ కూడా వచ్చింది. దారం తెగినప్పుడల్లా సత్తవ్వ "నీ చేతులకు షార్జా గాలి తగిలింది" అని ఎగతాళి చేసేది. "నేను పోలేదే, నా కొడుకు పోయిండు!" అని ఆమె మొత్తుకునేది. సాయంత్రాలు ఆ వాకిలి పెళ్లిల్లులా ఉండేది. నేను చాయ్ కాచి ఇచ్చేవాణ్ణి. జమున పోయాక నేను అంతమందికి చాయ్ పెట్టడం అదే మొదటిసారి. పంచదార ఎక్కువైందని అందరూ తిట్టారు. గ్లాసులు మాత్రం ఖాళీ చేశారు.

పడుగు సిద్ధమయ్యాక చిక్కు వచ్చిపడింది. చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెడితే గానీ దారం బిగువెక్కదు. ఎండ లేదు. గుట్ట కూడా కనబడనంత మంచు. వాకిట్లో బారుగా కట్టిన దారాలు పొద్దెక్కినా తడిగానే వేలాడుతున్నాయి. రేపు మగ్గమెక్కకపోతే ఉర్సుకు గొంగడి లేనట్టే. పోశం దారాలను తడుముతూ అటు చివర నుంచి ఇటు చివరకు, ఇటు నుంచి అటు తిరుగుతున్నాడు.

నరేశ్ వచ్చి చూశాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అతని మఖ్మల్ చాదర్ ఎలాగూ సిద్ధంగా ఉంది, ఇంకెందుకు ఉంటాడు అనుకున్నాను. కాసేపటికి టెంట్‌హౌస్ ట్రాలీ వాకిట్లో ఆగింది. ఉర్సు కోసం తెచ్చిన పెద్ద లైట్లు, మనిషెత్తు ఫ్యాన్లు దించుతున్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు పోశం.

"షార్జాల మేం గోడల రంగు ఇట్లనే ఆరవెట్టేది తాతా."

"ఇది రంగా రా? గొర్రెబొచ్చు! కాలి బూడిదైతది!"

"దూరంగ పెడత. నువ్వు చెయ్యి పెట్టి సూసుకో. నీ చేతికి ఎంత వెచ్చగ ఉండాల్నో చెప్పు, అక్కడ ఆపుత."

పోశం పడుగు పక్కన చెయ్యి చాచి నిలబడ్డాడు. నరేశ్ లైటును ముందుకు, వెనక్కు జరిపాడు. "ఇగ... ఇగ... ఆగు!" అన్నాడు పోశం. "గిదే మే నెల ఎండ!" వాకిలంతా చప్పట్లు. మంచు పట్టిన ఎర్రదుబ్బలో ఒక్క పోశం వాకిట్లోనే ఆ రోజు ఎండ కాసింది. మధ్యాహ్నానికి దారాలు గలగలలాడాయి.

గొంగడి మగ్గం దిగింది ఉర్సు నాటి పొద్దున.

సాయంత్రం ఊరేగింపు బయల్దేరింది. గుట్ట మొదట్లో ఎప్పటిలాగే కందూరు పొయ్యిలు రగులుతున్నాయి. మొక్కుకున్న ఇళ్లవాళ్లు, హిందువులు, ముస్లింలు, మేకనో గొర్రెనో తెచ్చి బాబా పేరిట అక్కడ వండి అందరికీ పెడతారు. డప్పులు, ఊదు పొగ, రొట్టె, బెల్లం నలిపి చేసే మలీద ముద్దల వాసన. గంధం గిన్నె దస్తగీర్ నెత్తిన, మడిచిన నల్ల గొంగడి పోశం నెత్తిన. సగం మెట్లెక్కాక పోశం ఆయాసపడి ఆగాడు. నరేశ్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇటియ్యి తాతా, నేను మోస్త." "పట్టుకో, మొయ్యకు," అన్నాడు పోశం. అలాగే ఇద్దరూ పైకెక్కారు.

లోపల పాత గొంగడి తీశారు. రెండు కొసలు దస్తగీర్, రెండు కొసలు పోశం పట్టుకుని కొత్తదాన్ని సమాధి మీద పరిచారు. ఒకరు బిస్మిల్లా అన్నారు, ఒకరు కురుమల దేవుణ్ణి తలిచి బీరప్పా అన్నారు. రెండూ ఒకేసారి వినిపించాయి. దేవవ్వ కోడలి కోసం కడిగిన ఉన్ని, ఊరి ఆడవాళ్లు వడికిన దారం. రామవ్వ వడికిన చోట కొంచెం ఉండలు కట్టి ఉంది. పోశం అక్కడ అరచేత్తో ఒకసారి నిమిరాడు.

ఫాతెహా చదవడం అయ్యాక గంధం ఎక్కింది. తర్వాత చాదర్లు. నరేశ్ తన మఖ్మల్ తీసి విప్పాడు. జరీ తళతళ మెరిసింది. దాన్ని సమాధి మీద నిండుగా పరచబోయి ఆగాడు. రెండుగా మడిచి, పాదాల వైపు మాత్రమే కప్పి, గొంగడి అందరికీ కనిపించేలా వదిలాడు. దస్తగీర్ దీవెనలిచ్చే నెమలీకల కట్టతో ముందు అతని తలే నిమిరాడు.

బయటికొచ్చి మలీద పంచుతుండగా పోశం ఫోన్ మోగింది. చెవి సరిగా వినబడదని అతనెప్పుడూ స్పీకర్ పెడతాడు. దేవవ్వ గొంతు గుట్టంతా వినబడింది.

"అన్నా, పొద్దుగాల పుట్టింది! ఆడపిల్ల! థండి మస్తున్నది. నా గొంగడి ఏది?"

వేపచెట్టు కింద జనమంతా ఒక్కసారి గొల్లుమన్నారు. డప్పుల వాళ్లు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

తెల్లారి మళ్లీ ముగ్గురం రాయపట్నం వంతెన దాటాం. పాత గొంగడి పోశం ఒళ్లో ఉంది. దస్తగీర్ దాన్ని కోమల చేతికి ఇచ్చాడు. ఆమె బిడ్డను అందులో చుట్టింది. ముడుచుకున్న పిడికిళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. కోమల దాన్ని ముక్కుకు ఆనించుకుని, "గొర్రె వాసన, ఇంకేందో మంచి వాసన," అంది. నేను బయటికొచ్చి కాసేపు గొర్రెలను చూస్తూ నిలబడ్డాను. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. ఆ మాట మళ్లీ ఒకరి నోట వింటాననుకోలేదు.

బయల్దేరబోతుంటే దేవవ్వ కారు వెనక తలుపు తీసి రెండు నల్ల గొర్రెపిల్లలను లోపలికి తోసింది. ఒకటి ఆడది, ఒకటి మగది.

"బాబాకు ముడుపు," అంది. "కోసుకోని తిన్నరంటె నా అంత చెడ్డది ఉండది. ఇవి పెరగాలె. పిల్లలు పెట్టాలె. బొచ్చు మీ ఊర్లనే మొలవాలె."

పోశం ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. ఒక పిల్ల అతని కంటే ముందే అరిచింది.

దారి పొడుగునా అవి అరుస్తూనే ఉన్నాయి. "ఎవల పక్కన కూసున్నమో తెల్వక ఏడుస్తున్నయి," అన్నాడు దస్తగీర్. "తెలిసే ఏడుస్తున్నయి, ముందు సీట్ల నువ్వున్నవు గద," అన్నాడు పోశం. చొప్పదండి చేరేసరికి కూడలిలో నరేశ్ ట్రాలీ, దాని మీద డప్పుల వాళ్లు. ఇంద్రవెల్లి నుంచి నేను చేసిన ఒక్క ఫోన్ ఫలితం. ట్రాలీ ముందు, మేం వెనక. ఎర్రదుబ్బలో కురుమలంతా దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. గొర్రెపిల్లలను దించగానే ఒక్కొక్కరూ వచ్చి వాటి వీపు మీద చెయ్యి పెట్టి చూశారు. ఎన్నేళ్లయిందో వాళ్ల చేతులకు ఆ మెత్తదనం తగిలి.

"ఇంకో పది తెద్దాం," అన్నాడు ఒకాయన. "మా ఇంటికి రెండు," అన్నాడు ఇంకొకాయన. "పోశం కాడ ఉన్నయిలే అని మళ్ల అనుకోకుండ్రి!" అని అరిచింది సత్తవ్వ.

ముడుపును బాబాకు చూపించి రావాలి కదా. పోశం, దస్తగీర్ చెరో తాడు పట్టుకున్నారు. గుట్ట మొదట్లో కందూరు పొయ్యిలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఎన్ని తరాలుగానో బాబా పేరిట వచ్చిన గొర్రెలన్నీ అక్కడే ఆగిపోయాయి. ఈ రెండూ పొయ్యిల మధ్య నుంచి, బూడిద వాసన చూసి ఒకసారి తుమ్మి, డప్పుల మోత మధ్య చెంగుచెంగున మెట్లెక్కి పైకి పోయాయి.